బైకు ఈసీయూని ఇంట్లోనే స్కాన్ చేసి సరిచేసుకోవడం ఎలా

"అన్నా, మీటర్లో ఇంజన్ లైటు వెలుగుతోంది, సెల్లుతో పోగొట్టుకోవచ్చంటగా?" అని అడగని వారం లేదు. దాని వెనకాలే వచ్చే ప్రశ్న, "రీమ్యాప్ చేస్తే మైలేజీ పెరుగుతుందా?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పడం కన్నా అంతా ఒకచోట రాసి పెడితే నయమని ఇది రాస్తున్నాను. ఈసీయూ అంటే ఇంజన్‌కి పెట్రోలు ఎంత, నిప్పు ఎప్పుడు అన్నది లెక్కగట్టే చిన్న కంప్యూటరు. ఆ లెక్కల పట్టికే మ్యాప్, దాన్ని మార్చడమే రీమ్యాప్. మీ బండి ఏ కంపెనీదైనా వరస ఇదే, మెనూల పేర్లే మారతాయి.

మొదటి ప్రశ్నకి జవాబు: లైటు పోగొట్టడం అర నిమిషం పని. ఎందుకు వెలిగిందో చూడకుండా పోగొడితే మళ్ళీ వస్తుంది, ఈసారి రావులపాలెం హైవే మీదో, రాత్రిపూట కాలవ గట్టు మీదో వస్తుంది. రెండో దానికి జవాబు: బండి షోరూము నుంచి వచ్చినట్టే ఉంటే, మ్యాప్ మార్చినంత మాత్రాన మైలేజీ పెద్దగా పెరగదు. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్‌లో లీటరుకి ఉండే శక్తి పెట్రోలుకన్నా దాదాపు మూడో వంతు తక్కువ. ఆ తగ్గిన శక్తిని ఏ సాఫ్ట్‌వేరూ తెచ్చి పెట్టలేదు. "ట్యూనింగ్" అని మనం అడిగే వాటిలో చాలాభాగం పాడైన సెన్సార్, చిలుము పట్టిన కనెక్టర్, మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టర్. అవి సరిచేశాక కూడా ఇంకా ఏదో కావాలంటే అప్పుడు మ్యాప్ సంగతి చూద్దాం. అందుకే దాన్ని చివర్లో పెట్టాను.

మీ బండికి ఇది పనికొస్తుందా

2020 ఏప్రిల్ 1న బీఎస్6 వచ్చాక అమ్మిన బళ్ళలో దాదాపు అన్నిటికీ ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంది, అంటే ఈసీయూ ఉంది, స్కాన్ చేసే సాకెట్టూ ఉంటుంది. 2023 ఏప్రిల్ నుంచి వచ్చినవైతే సెన్సార్లని ఇంకా గట్టిగా గమనించుకుంటాయి కాబట్టి వాటిలో లైటు కాస్త తొందరగానే వెలుగుతుంది, కంగారు పడకండి. కార్బురేటర్ బండి అయితే ఇక్కడితో ఆపేయండి, మీకు కావాల్సింది స్క్రూడ్రైవరు, ఓపిక తెలిసిన మెకానిక్కు.

ఏమేం కావాలి

- బ్లూటూత్ స్కానర్ ఒకటి. ఈఎల్ఎం327 అని అడగండి. కొన్ని వందల్లో దొరికేవి చాలావరకు నకిలీలే, అందులోనూ కొన్ని పాత తరహా కే-లైన్ (ఒకే వైరు మీద మాట్లాడే) బళ్ళతో మాట్లాడనే మాట్లాడవు. అలాంటి బళ్ళు స్కానర్‌తో మాట్లాడే భాషల్లో (ప్రోటోకాల్) ఒకటి కేడబ్ల్యూపీ. కొనేటప్పుడు "కేడబ్ల్యూపీ ప్రోటోకాల్ పని చేస్తుందా" అని అడిగి, పని చేయకపోతే తిరిగి తీసుకునే చోటే కొనండి. ఐఫోన్ ఉన్నవాళ్ళు మామూలు బ్లూటూత్‌ది కొనకండి, కలవదు. వైఫైదో, బీఎల్ఈ అని రాసి ఉన్నదో తీసుకోండి.
- కన్వర్టర్ కేబుల్. స్కానరుకి కారు సాకెట్టు, అంటే 16 పిన్నులు ఉంటాయి. బీఎస్6 బళ్ళలో ఎక్కువగా కనిపించేది ఆరు పిన్నుల కనెక్టర్. మీ మోడల్ పేరు చెప్పి కొనండి. చూడటానికి ఒకలాగే ఉండి లోపల వైర్లు వేరే పిన్నులకి వెళ్ళే కేబుళ్ళు ఉన్నాయి.
- ఫోన్లో ఒక యాప్. టార్క్, కార్ స్కానర్ లాంటివి చాలు.
- డిజిటల్ మల్టీమీటరు, కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే, కాస్త డైఎలెక్ట్రిక్ గ్రీజు, పాత టూత్‌బ్రష్షు.
- బండి సర్వీస్ మాన్యువల్ పీడీఎఫ్. ఇది లేకపోతే మిగతావన్నీ ఉన్నా సగం పనే.
- ఒక నోటుబుక్కు. స్క్రీన్‌షాట్లు చాలవా అంటారు గానీ, వారం తర్వాత ఆ స్క్రీన్‌షాట్ ఏ రోజుదో, ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు తీసిందో చల్లగా ఉన్నప్పుడు తీసిందో మీకే తెలియదు.

మ్యాప్ దాకా వెళ్ళేవాళ్ళకి అదనంగా బ్యాటరీ చార్జరు, బ్యాటరీ బాగున్న ల్యాప్‌టాప్, వైడ్‌బ్యాండ్ లాంబ్డా గేజి (పొగని చూసి గాలి, పెట్రోలు పాళ్ళు కొలిచేది) కావాలి. ఆ గేజి ఖరీదైనది, సైలెన్సర్ పైపుకి నట్టు వెల్డింగ్ చేయించాలి. అది లేకుండా మ్యాప్ ముట్టుకోవద్దు, ఎందుకో తర్వాత చెప్తాను.

సాకెట్లో పెట్టగానే లైట్లు మిణుకు మిణుకుమంటూ "30 శాతం పవర్, 20 శాతం మైలేజీ" అని అమ్మే చిన్న డబ్బాలు ఉన్నాయి చూశారూ, వాటికి డబ్బులు తగలేయకండి. ఆ డబ్బుతో కొత్త ప్లగ్గు, ఎయిర్ ఫిల్టరు వస్తాయి, నిజంగానే తేడా తెలుస్తుంది.

1. స్కానర్ పెట్టకముందు చేసే పని

ఎయిర్ ఫిల్టర్ తీసి చూడండి. కోతల రోజుల్లో రోడ్ల మీద ధాన్యం ఆరబోస్తారు, మిషన్ల దుమ్ము, ఊక అంతా గాల్లోనే ఉంటుంది. ఆ నెల రోజులు తిరిగిన బండి ఫిల్టర్ని మాన్యువల్లో రాసిన కిలోమీటర్ల లెక్కతో చూడకండి, కంటితో చూడండి. తర్వాత ప్లగ్గు, ట్యాపెట్ సెట్టింగు, చైను, టైర్లలో గాలి. బ్రేకు పట్టేసిన బండికి మైలేజీ రావట్లేదని ఈసీయూని తిట్టేవాళ్ళని చూశాను.

బ్యాటరీ టెర్మినళ్ళు విప్పి శుభ్రం చేసి బిగించండి. రాత్రంతా ఆపిన బండికి పొద్దున్న మల్టీమీటరు పెడితే 12.4 వోల్టులకి తగ్గకూడదు. అంతకన్నా తక్కువుంటే ముందు చార్జింగ్ పెట్టండి. వోల్టేజీ తక్కువైతే ఈసీయూ లేనిపోని కోడ్లు చూపిస్తుంది, మీరు వాటి వెంట పడతారు.

2. కనెక్టర్ పట్టుకోవడం

ఎక్కువ బళ్ళకి సీటు కింద, బ్యాటరీ పక్కనే, రబ్బరు టోపీ పెట్టి ఉంటుంది. కొన్నిటికి సైడు ప్యానెల్ వెనక. టోపీ తీసి టార్చి వేసి చూడండి. పిన్నుల మీద పచ్చగా చిలుము కనిపిస్తే అక్కడే ఆగి శుభ్రం చేయండి. నరసాపురం, అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలి తగిలే ఊళ్ళలో, చేపల చెరువుల గట్ల మీద తిరిగే బళ్ళలో ఇది మామూలే. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, బ్రష్షుతో మెల్లిగా రుద్ది, పూర్తిగా ఆరనివ్వండి. గ్రీజు రబ్బరు సీలు చుట్టూ పల్చగా రాయండి, పిన్నుల మీద ముద్దలా పెట్టకండి.

3. కలపడం

తాళం ఆఫ్‌లో ఉండగానే కేబుల్, స్కానర్ పెట్టండి. తర్వాత తాళం ఆన్ చేయండి, ఇంజన్ స్టార్ట్ చేయకండి. హ్యాండిల్ మీది కిల్ స్విచ్ రన్‌లో ఉండాలి. "స్కానర్ కలవట్లేదు" అని వచ్చేవాళ్ళకి నేను అడిగే మొదటి ప్రశ్న ఇదే, చాలా బళ్ళలో కిల్ స్విచ్ ఆఫ్‌లో ఉంటే ఈసీయూకి కరెంటే వెళ్ళదు.

ఫోన్ బ్లూటూత్‌లో స్కానర్ పేరు కనిపిస్తుంది, పిన్ 1234 గానీ 0000 గానీ కొట్టండి. ఇప్పుడు యాప్‌లోకి వెళ్ళి అడాప్టర్ ఎంచుకుని కనెక్ట్ నొక్కండి. ప్రోటోకాల్ "ఆటో"లో పెట్టినప్పుడు కలవకపోతే ఒక్కొక్కటీ చేత్తో మార్చి చూడండి: ముందు కేడబ్ల్యూపీ ఫాస్ట్, తర్వాత కేడబ్ల్యూపీ స్లో, తర్వాత క్యాన్ 500 (రెండు వైర్ల మీద మాట్లాడే పద్ధతి). ప్రతిసారీ తాళం ఆపి పది సెకన్లు ఆగి మళ్ళీ ఆన్ చేయాలి. స్కానర్ మీద లైటు అసలు వెలగకపోతే కేబుల్లో కరెంటు లేదు, ఫ్యూజు చూడండి. లైటు వెలిగి కూడా కలవకపోతే తప్పు ప్రోటోకాల్‌దో, స్కానర్‌దో. దాన్ని తీసుకెళ్ళి ఎవరిదైనా కారుకి పెట్టి చూస్తే స్కానర్ బాగుందో లేదో చాలావరకు తేలిపోతుంది.

4. కోడ్లు చదవడం, రాసుకోవడం

కోడ్లు చదివి, నోటుబుక్కులో రాయండి. చెరిపేయకండి. "క్లియర్" బటన్ పక్కనే ఊరిస్తూ ఉంటుంది, వేలు అటు వెళ్ళనివ్వకండి. ఫ్రీజ్ ఫ్రేమ్ అని ఉంటే అదీ చూడండి, లైటు వెలిగిన క్షణంలో ఆర్పీఎం ఎంత, ఇంజన్ వేడి ఎంత అన్నది అందులో ఉంటుంది. వేడెక్కాకే వచ్చే తప్పా, చల్లగా ఉన్నప్పుడా అన్నది దాన్నిబట్టే తెలుస్తుంది.

మన బళ్ళలో తరచూ కనిపించేవి ఇవి:

- పి0107, పి0108: గాలి ఒత్తిడి చూసే మ్యాప్ సెన్సార్ (పేరు ఒకటే గానీ, మార్చే మ్యాప్ ఇది కాదు) సిగ్నల్ మరీ తక్కువ, మరీ ఎక్కువ.
- పి0113: లోపలికి వెళ్ళే గాలి వేడి చెప్పే సెన్సార్ వైరు ఊడింది లేదా తెగింది.
- పి0118: ఇంజన్ వేడి సెన్సార్‌కి అదే జబ్బు.
- పి0122, పి0123: యాక్సిలేటర్‌తో థ్రాటిల్ ఎంత తెరుచుకుందో చెప్పే థ్రాటిల్ పొజిషన్ సెన్సార్ (టీపీఎస్).
- పి0131, పి0132: పొగలో ఆక్సిజన్ చూసే ఆక్సిజన్ సెన్సార్ వోల్టేజీ తక్కువ, ఎక్కువ. పి0135 దాని హీటరుది.
- పి0171, పి0172: గాలి, పెట్రోలు మిక్చర్ పల్చన (పెట్రోలు తక్కువ), చిక్కన (పెట్రోలు ఎక్కువ).
- పి0201: ఇంజెక్టర్ సర్క్యూట్.
- పి0335: ఇంజన్ తిరుగుడు చూసే క్రాంక్ సెన్సార్. బండి ఉన్నట్టుండి ఆగిపోయి, చల్లారాక మళ్ళీ స్టార్ట్ అవుతుంటే దీన్ని అనుమానించండి.
- పి0562: వోల్టేజీ తక్కువ.

ఒక్క విషయం బాగా గుర్తుపెట్టుకోండి. కోడ్ చెప్పేది ఆ సర్క్యూట్లో తేడా ఉందని, ఆ పార్టు పోయిందని కాదు. పి0131 వచ్చిందని ఆక్సిజన్ సెన్సార్ కొనేస్తారు. సైలెన్సర్ పైపు ఇంజన్‌కి కలిసేచోట గ్యాస్కెట్ లీకై బయట గాలి పీల్చినా అదే కోడ్ వస్తుంది. కొత్త సెన్సార్ వేసినా మళ్ళీ వస్తుంది.

5. ఇంజన్ ఆపి ఉండగా చూడాల్సిన అంకెలు

ఈ మెట్టు చాలామంది వదిలేస్తారు, నిజానికి సగం రోగాలు ఇక్కడే దొరుకుతాయి. రాత్రంతా ఆపిన బండి మీద, పొద్దున్నే, తాళం ఆన్ చేసి లైవ్ డేటా తెరవండి.

గాలి వేడి, ఇంజన్ వేడి రెండూ దాదాపు ఒకటే ఉండాలి, రెండు మూడు డిగ్రీల తేడా పరవాలేదు. బయట 28 డిగ్రీలు ఉంటే రెండూ ఆ చుట్టుపక్కలే. ఒకటి మైనస్ 40 చూపిస్తే సెన్సార్ వైరు ఊడినట్టే, అమలాపురంలో ఆ చలి ఎప్పుడూ పడలేదు. ఇంజన్ వేడి తప్పుగా తక్కువ చూపిస్తుంటే ఈసీయూ బండి ఇంకా చల్లగానే ఉందనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది. మైలేజీ పడిపోయిన బళ్ళకి ముందు దీన్ని చూడండి.

మ్యాప్ సెన్సార్ 100 కిలోపాస్కల్ దగ్గర చూపించాలి. మన గోదావరి డెల్టా అంతా సముద్ర మట్టానికి కాస్త ఎగువనే కాబట్టి మనకి ఇది సులువైన పరీక్ష. ఇంజన్ ఆగి ఉంటే అది చూసేది బయట గాలి ఒత్తిడినే. 98 నుంచి 102 మధ్య ఉంటే నిశ్చింత. అరకు కొండెక్కితే అదే సెన్సార్ 90 చూపిస్తుంది, అది తప్పు కాదు. భీమవరంలో నిలబడి 90 చూపిస్తే మాత్రం తప్పే.

యాక్సిలేటర్ మెల్లిగా, చాలా మెల్లిగా, పూర్తిగా తిప్పి వదలండి. థ్రాటిల్ శాతం ఒకే తీరుగా పెరిగి ఒకే తీరుగా తగ్గాలి. గ్రాఫ్‌లో పెట్టుకుని చూడండి. మధ్యలో ఒక్కసారి కిందకి పడి లేస్తే ఆ సెన్సార్ ట్రాక్ అరిగింది, మీకు తెలిసే జర్క్ అదే. మూసి ఉన్నప్పుడు సున్నానే చూపించాలని లేదు, కొన్ని బళ్ళు వేరే అంకె చూపిస్తాయి. ప్రతిసారీ అదే అంకెకి తిరిగి రావాలి, అంతే.

6. ఇంజన్ ఆన్ చేసి

బండి ఆరుబయట పెట్టండి. గ్యారేజీ షట్టరు వేసి, వర్షం పడుతోందని వరండా మూసి ఇంజన్ ఆన్ చేయకండి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. నిలబెట్టి ఎక్కువసేపు నడపాలంటే ముందర టేబుల్ ఫ్యాన్ పెట్టండి, ఎయిర్ కూల్డ్ బళ్ళకి ఇది తప్పనిసరి.

పది నిమిషాలు అలా తిరిగొచ్చి, వేడెక్కాక చూడండి. ఐడిలింగ్ మాన్యువల్లో రాసినంత ఉండి నిలకడగా ఉండాలి, చాలా సింగిల్ సిలిండర్ బళ్ళకి 1,300 నుంచి 1,500 మధ్య. బ్యాటరీ వోల్టేజీ కాస్త రేస్ చేసినప్పుడు 13.8 నుంచి 14.5. పదిహేను దాటితే రెగ్యులేటర్ పోయింది, బండి నడపకండి, ఈసీయూ కాలిపోతుంది.

ఆక్సిజన్ సెన్సార్ వోల్టేజీ 0.1కీ 0.9కీ మధ్య ఊగుతూ ఉండాలి. ఊగడమే దాని ఆరోగ్యం. 0.45 దగ్గర కదలకుండా నిలబడిపోతే సెన్సార్ వేడెక్కట్లేదు లేదా కలవట్లేదు. ఎప్పుడూ 0.1 దగ్గరే ఉంటే మిక్చర్ పల్చన, లేదా పైపు లీకు. ఎప్పుడూ 0.9 దగ్గరే ఉంటే చిక్కన.

ఫ్యూయల్ ట్రిమ్ మీ యాప్‌లో కనిపిస్తే అదృష్టం, అన్ని బళ్ళూ చూపించవు. ప్లస్ అంటే ఈసీయూ తనంతట తాను పెట్రోలు పెంచుతోంది, మైనస్ అంటే తగ్గిస్తోంది. అటూ ఇటూ 5 శాతం బాగున్నట్టు, 10 దాకా సర్దుకోవచ్చు. పది దాటితే కారణం వెతకాలి. ప్లస్ పది దాటిందంటే మూడు చోట్ల చూడండి: థ్రాటిల్ బాడీకి ఇంజన్‌కి మధ్య ఉండే రబ్బరు పగిలిందా, ఇంజెక్టర్ మురికి పట్టిందా, పంపు ప్రెషర్ తగ్గిందా. మైనస్ పది దాటితే ఎయిర్ ఫిల్టర్, లేదా కారుతున్న ఇంజెక్టర్.

7. సరిచేయడం

ఇక్కడ నేను పెద్దగా చెప్పేది లేదు, దొరికిన తప్పుని బట్టి పని. వరస మాత్రం ఇలా పెట్టుకోండి: ముందు కనెక్టర్, తర్వాత వైరు, తర్వాత సెన్సార్, అందరికన్నా ఆఖరున ఈసీయూ. ఈసీయూ పోవడం అరుదు, "ఈసీయూ పోయింది సార్" అని వినడం మాత్రం అరుదు కాదు. ఎవరైనా అలా అంటే మల్టీమీటరుతో ఈసీయూకి 12 వోల్టులు, ఎర్తు వస్తున్నాయో లేదో చూపించమనండి.

వాటర్ సర్వీసింగ్ చేయించిన మర్నాడు లైటు వెలిగితే స్కానర్ దాకా వెళ్ళకండి, సీటు కింద నీళ్ళు వెళ్ళుంటాయి. ప్రెషర్ గన్ సీటు కిందకి కొట్టొద్దని ముందే చెప్పండి.

వరద నీళ్ళలో మునిగిన బండి సంగతి వేరు. లంక గ్రామాల్లో ఆగస్టులో ఇది కొత్త కాదు. నీళ్ళు సీటు దాకా వచ్చిన బండికి తాళం తిప్పొద్దు, "స్టార్ట్ అవుతుందేమో ఒక్కసారి చూద్దాం" అనొద్దు. బ్యాటరీ నెగెటివ్ తీసేయండి. ఈసీయూ, ఫ్యూజు బాక్సు, కనెక్టర్లు అన్నీ విప్పి, మంచినీళ్ళతో బురద కడిగి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, నీడలో ఫ్యాను కింద రెండ్రోజులు ఆరబెట్టండి. ట్యాంకులో పెట్రోలు, ఇంజన్ ఆయిలు పూర్తిగా తీసేయాలి. ఇథనాల్ కలిసిన పెట్రోలు నీళ్ళని పీల్చుకుంటుంది, మరీ ఎక్కువైతే నీళ్ళూ ఇథనాలూ కలిసి కిందకి దిగి నిలబడతాయి, పంపు పీల్చేది ఆ అడుగు నుంచే. ఒక గాజు సీసాలో పట్టి పక్కన పెట్టి చూస్తే రెండు పొరలు కంటికే కనిపిస్తాయి.

8. కోడ్లు చెరపడం, రీసెట్

తప్పు సరిచేశాకే కోడ్లు చెరపండి. తర్వాత యాప్‌లో గానీ మీ బండి సాఫ్ట్‌వేరులో గానీ "అడాప్టేషన్ రీసెట్", "టీపీఎస్ రీసెట్" ఉంటే చేయండి. థ్రాటిల్ బాడీ శుభ్రం చేసినా, సెన్సార్ మార్చినా ఇది చేయాల్సిందే. ఈసీయూ పాత మురికికి అలవాటు పడి నేర్చుకున్న లెక్కలు అందులో ఉండిపోతాయి. మామూలు యాప్‌లలో ఈ రీసెట్ ఉండదు, కొన్ని బళ్ళకి మాన్యువల్లో తాళం, యాక్సిలేటర్‌తో చేసే పద్ధతి రాసి ఉంటుంది. వేరే మోడల్ పద్ధతి మీ బండికి చేయకండి.

రీసెట్ తర్వాత ఒకటి రెండు రోజులు ఐడిలింగ్ కాస్త అటూ ఇటూ ఉంటుంది. ఊళ్ళో నెమ్మదిగా, హైవే మీద నిలకడగా, రెండు రకాలుగా తిప్పండి, సర్దుకుంటుంది.

చాలామందికి పని ఇక్కడితో అయిపోయింది. ఫ్రీ ఫ్లో ఫిల్టరు, వేరే సైలెన్సరు వేసినవాళ్ళు, ఊరికే ఆగలేనివాళ్ళు కిందకి రండి.

9. మ్యాప్ మార్చడం

ముందు చట్టం మాట. కంపెనీ ఇచ్చినదానికి తేడాగా బండిని మార్చడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కిందకి, పొగ, శబ్దం ఎక్కువైతే సెక్షన్ 190(2) కిందకి వస్తుంది. వారంటీ పోతుంది. క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేయడం, ఆక్సిజన్ సెన్సార్ ఆపేయడం ఎలాగో ఇందులో లేదు, అడగకండి.

సాఫ్ట్‌వేర్ మీ ఈసీయూకి ఉందో లేదో చూడండి. ట్యూన్ఈసీయూ లాంటివి కొన్ని ట్రయంఫ్, కేటీఎం మోడళ్ళకి పనిచేస్తాయి, వాళ్ళ జాబితాలో మీ బండి ఏడాదితో సహా ఉంటేనే. విండోస్‌లో ట్యూనర్‌ప్రో ఉంది గానీ దానికి మీ ఈసీయూ డెఫినిషన్ ఫైలు విడిగా దొరకాలి. మన 150, 200 సీసీ బళ్ళలో చాలావాటికి ఇంట్లో చేసుకునే దారి లేదు, వాటికి పిగ్గీబ్యాక్ మాడ్యూలే మార్గం. అది ఈసీయూకి, ఇంజెక్టర్‌కి మధ్యలో కూర్చుని సిగ్నల్ మారుస్తుంది, నచ్చకపోతే పీకేసి పాత స్థితికి రావచ్చు. మొదటిసారి చేసేవాళ్ళకి నేను ఇదే చెప్తాను.

రీఫ్లాషే (ఈసీయూలో ఫైలు మార్చి రాయడం) చేస్తానంటే ఇలా:

ముందు కాలిబ్రేషన్ నంబరు (ఈసీయూలో ఉన్న సాఫ్ట్‌వేర్ గుర్తు) రాసుకోండి. ఈసీయూలో ఉన్న ఫైలు చదవగలిగితే చదివి రెండుచోట్ల దాచండి. రెండుసార్లు చదివి రెండు ఫైళ్ళూ ఒకటేనా అని పోల్చండి, తేడా ఉంటే కేబుల్ నమ్మదగ్గది కాదు. చదవలేని ఈసీయూ అయితే అదే నంబరు స్టాక్ (కంపెనీ) ఫైలు చేతికొచ్చాకే ముందుకెళ్ళండి. గ్రూపుల్లో "నా బండికి బాగా పనిచేసింది" అని పంచే ఫైళ్ళు వేయకండి, నంబరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా బండి ఇటుకే, ఇక స్టార్ట్ అవకపోవచ్చు.

తర్వాత ఇంధనం పట్టిక. ఏ ఆర్పీఎంకి, ఎంత యాక్సిలేటర్‌కి ఎంత పెట్రోలు పోయాలో దాని గడుల్లో ఉంటుంది. చిన్న యాక్సిలేటర్ దగ్గర, నిలకడగా వెళ్ళేటప్పుడు ఈసీయూ ఆక్సిజన్ సెన్సార్ చూసి తనే దిద్దుకుంటుంది. మీరు ఆ గడుల్లో అంకెలు మార్చినా అది తిరిగి లాంబ్డా 1కే (గాలి, పెట్రోలు సరిగ్గా సరిపోయే పాళ్ళు) తెచ్చేస్తుంది. "మ్యాప్ మార్చాను, ఏమీ తేడా లేదు" అనేవాళ్ళలో ఎక్కువమంది మార్చింది ఆ గడులే. తేడా తెలిసేది గట్టిగా యాక్సిలేటర్ ఇచ్చే గడుల్లో. అక్కడ లాంబ్డా 0.87 నుంచి 0.90 దగ్గరుంటే బలం బాగుంటుంది. బండితో వచ్చిన సెన్సార్ ఆ అంకె చెప్పలేదు, చిక్కనా పల్చనా అని మాత్రమే చెప్తుంది, వైడ్‌బ్యాండ్ కావాలన్నది అందుకే. గేజిని ఏఎఫ్ఆర్‌లో (పెట్రోలుకి ఎన్ని రెట్ల గాలి) కాకుండా లాంబ్డాలో పెట్టుకోండి. 14.7 అనేది కల్తీ లేని పెట్రోలు లెక్క, 20 శాతం ఇథనాల్‌కి అది 13.5 దగ్గరకి వస్తుంది, పాత లెక్క పట్టుకుంటే అయోమయం.

ఒకసారికి 3 శాతం దాటకండి, పక్క గడులని కూడా కొంచెం కొంచెం కలిపి దిద్దండి, ఒక్క గడి గుట్టలా నిలబడితే ఆ ఆర్పీఎం దగ్గర బండి తడబడుతుంది. ఇగ్నిషన్ టైమింగ్ (ప్లగ్గు ఎప్పుడు నిప్పు వేయాలో చెప్పే) పట్టిక ముట్టుకోకుండా మూసేయండి. చిన్న బళ్ళలో చాలావాటికి నాకింగ్ (పెట్రోలు అదుపు తప్పి పేలడం) పసిగట్టే సెన్సారే లేదు. మే నెల రాజమండ్రి ఎండలో, ఇద్దరిని ఎక్కించుకుని వెళ్తున్నప్పుడు పిస్టన్ కరిగితే చెప్పేవాళ్ళు ఉండరు.

ఫ్లాష్ చేసేటప్పుడు బ్యాటరీకి చార్జరు పెట్టండి, 12.5కి తగ్గకూడదు. హెడ్‌లైట్ ఆన్‌లో ఉండే బళ్ళకి దాని ఫ్యూజు తీసేయండి. ఇంట్లో కరెంటు పోతే ల్యాప్‌టాప్ ఆగకూడదు, స్లీప్, అప్‌డేట్లు ఆపేయండి. ఫోన్‌తో చేస్తుంటే ఫ్లైట్ మోడ్‌లో పెట్టి బ్లూటూత్ మాత్రం ఆన్ చేయండి, 60 శాతం దగ్గర మామయ్య ఫోన్ చేస్తే అంతే సంగతులు. మధ్యలో ఆగిపోతే తాళం ఆపకండి, అలాగే ఉంచి సాఫ్ట్‌వేరులో మళ్ళీ రాయడమో, రికవరీయో నొక్కండి. పూర్తయ్యాక తాళం ఆపి నిమిషం ఆగి ఆన్ చేయండి, కోడ్లు చదవండి, తర్వాతే స్టార్ట్.

10. సరిగ్గా అయిందో లేదో చూడటం

"పికప్ బాగా వచ్చిందిరా" అన్నది పరీక్ష కాదు. డబ్బు పెట్టిన ప్రతివాడికీ పికప్ బాగానే అనిపిస్తుంది.

యాప్‌లో రికార్డింగ్ ఆన్ చేసి ఫోన్ జేబులో వేసుకుని వెళ్ళండి, నడుపుతూ స్క్రీన్ చూడకండి. మనది బల్లపరుపు నేల, ఇంజన్ మీద బరువు వేయడానికి ఎక్కుడు అంటే బ్రిడ్జి ఎక్కడమే. అదీ చాలదు. తెల్లవారుజామున ఖాళీగా ఉన్న నేరు రోడ్డు మీద, వెనక ఒకరిని కూర్చోబెట్టుకుని, మూడో గేర్లో తక్కువ ఆర్పీఎం నుంచి స్పీడు హద్దు దాటకుండా మెల్లిగా ఎత్తండి. కాలవ గట్టు రోడ్లు దీనికి పనికిరావు, గేదెలు, స్పీడ్ బ్రేకర్లు, పక్కనే నీళ్ళు. ఇంటికొచ్చి రికార్డు తెరిచి, ముందు రాసుకున్న అంకెలతో పక్కపక్కన పెట్టి చూడండి.

మైలేజీ మీటర్లో చూపించేది నమ్మకండి. ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర, బండి మెయిన్ స్టాండ్ వేసి, గన్ మొదటిసారి దానంతటదే ఆగే దాకా పోయించండి. మళ్ళీ అక్కడే, అలాగే నింపినప్పుడు పట్టిన లీటర్లతో తిరిగిన కిలోమీటర్లని భాగించండి. మూడు ట్యాంకుల సగటు తీయండి. ఒక్క ట్యాంకుకి రెండు కిలోమీటర్లు అటూ ఇటూ రావడానికి గాలి, జనం, పంటు (ఏరు దాటించే పడవ) దగ్గర బండి ఆన్‌లో పెట్టి ఎదురుచూసిన సమయం చాలు.

ప్లగ్గు తీసి చూస్తే లేత గోధుమ రంగు మంచిది, నల్లటి మసి అయితే చిక్కన, తెల్లగా మాడితే పల్చన, వెంటనే పాత ఫైలు వేసేయండి. ఇథనాల్ పెట్రోలుతో ప్లగ్గు రంగు ముందంత స్పష్టంగా తెలియదు కాబట్టి దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోకండి.

వందో రెండొందలో కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ స్కాన్ చేయండి. పెండింగ్ కోడ్లు అని విడిగా ఉంటాయి, అవీ చూడండి, లైటు వెలగకముందే తప్పు అక్కడ కనిపిస్తుంది. పొల్యూషన్ సర్టిఫికెట్టు గడువు ఉన్నా సరే ఒకసారి పరీక్ష చేయించి, కార్బన్ మోనాక్సైడ్ అంకె పాత కాగితం మీద ఉన్నదానికన్నా పెరిగిందేమో చూడండి. పెరిగితే మీరు పెట్రోలు ఎక్కువ పోస్తున్నారు, ఆఖరున మార్చిన 3 శాతం వెనక్కి తీయండి.

పి0335 పదే పదే వస్తున్నా, పంపు ప్రెషర్ అనుమానం ఉన్నా, ఇమ్మొబిలైజర్ (తాళం గుర్తుపట్టకపోతే స్టార్ట్ కానివ్వనిది) లైటు ఆగకుండా మిణుకుతున్నా ఇంట్లో కుస్తీ పట్టకండి. నోటుబుక్కు తీసుకుని షెడ్డుకి వెళ్ళండి. అంకెలు రాసి ఉన్న కాగితం చేతిలో పెడితే ఏ మెకానిక్కయినా వెతుకులాట మానేసి నేరుగా పనిలోకి దిగుతాడు.